మూడు కొటేషన్ల శత్రువు

సంశ్లేషిత జీవాపాయ నివారణ కేంద్రం మీద గత మార్చిలో జరిగిన దాడి విదేశీ హస్తం వల్లనని కొందరు, స్వదేశీ నిర్లక్ష్యం వల్లనని కొందరు అనుకుంటున్నారు. రెండూ సరికావు. ఆ దాడికి కారణం ఒక రిఫ్రిజిరేటరు. ఉద్యోగకాలమంతా తర్కశాస్త్రం బోధించినదాన్ని కనుక, కార్యం నుంచి కారణానికి వెనక్కి నడవడం నాకు అలవాటు. ఈ సందర్భంలో ఎటు నుంచి నడిచినా దారి ఆ రిఫ్రిజిరేటరు దగ్గరకే చేరుతోంది.

కేంద్రం పెట్టిన కొత్తలో క్రిముల నమూనాలు ఎండకు పాడైపోతుంటే, కొనుగోలు అధికారి ధర్మలింగం గారు రోడ్డు దాటి ఎదురు దుకాణంలో దాన్ని కొనుక్కొచ్చారు. ఒకే దుకాణం, ఒకే కొటేషను. ఆడిట్ వారు ఆ ఒక్క కాగితం పట్టుకుని ఆయన ఇంక్రిమెంటు ఆపేశారు. రిఫ్రిజిరేటరు ఇప్పటికీ చల్లగానే పనిచేస్తోంది. ధర్మలింగం గారు మాత్రం ఆనాటి నుంచి మూడు కొటేషన్లు లేనిదే ఏదీ కొనరు. ఇంటికి వంకాయలు తెచ్చేటప్పుడు కూడా ముగ్గురు బండివాళ్లను అడిగి, నడివాడి దగ్గర బాగున్నా చివరివాడి దగ్గర చవకని పుచ్చువి తెస్తారని వారి శ్రీమతి నాతో ఒకసారి చెప్పుకున్నారు.

ఆ కేంద్రపు కొనుగోలు సంఘంలో నేను బయటి సభ్యురాలిని. సంఘంలో ఒక మహిళ ఉండాలని ఒక నిబంధన. విషయం తెలియని నిష్పాక్షిక వ్యక్తి ఒకరు ఉండాలని మరొక నిబంధన. ఒక్క నియామకంతో రెండూ నెరవేరతాయని నన్ను పిలిచారు.

కేంద్రం ఉద్దేశం మంచిదే. ఇప్పుడు జన్యువులను ఉత్తరంలా రాసి, ప్రయోగశాలలో అచ్చు వేయించి, పార్సిల్లో తెప్పించుకునే కాలం వచ్చింది. ఆ విద్యతో మందులు చేయవచ్చు. దుర్బుద్ధి ఉన్నవాడు ప్రకృతికి తెలియని రోగాన్నీ చేయవచ్చు. ఆ భయం నిజమైనది. ఆ భయానికి పై సంస్థ వారిచ్చిన డబ్బూ నిజమైనదే. ఈ రెండు నిజాల మధ్య, కాకినాడ రోడ్డు మీద, ఒక కార్యాలయం వెలిసింది. దానికి డాక్టర్ చెఱుకుమిల్లి శేషాచలపతి గారు డైరెక్టరు. ఆయన జీవశాస్త్రజ్ఞుడే కాని, ఆ సంగతి ఆయనతో పరిచయమైన చాలాకాలానికి గాని నాకు తెలియలేదు.

ఆ కార్యాలయంలో పనిచేసే మనిషి కూడా ఒకరుండేవారు. పేరు గెడ్డం కెజియా. తాత్కాలిక శాస్త్రవేత్త, ప్రతి మార్చి నెలాఖరుకూ ఉద్యోగం ముగిసి, డబ్బు పొడిగిస్తే మళ్లీ మొదలయ్యే రకం. చదువయ్యాక పెళ్లి మాట ఎత్తనివ్వకుండా, నాలుగు సంవత్సరాలు కూర్చుని ఆ అమ్మాయి ఒక పెట్టె తయారుచేసింది. టిఫిన్ క్యారియరంత ఉంటుంది. నీళ్ల ట్యాంకు పక్కన పెట్టి ఒక సన్నని గొట్టం నీటిలోకి వదిలితే, అందులోని క్రిములను చదివి పేర్లు చూపిస్తుంది. ప్రకృతి చేసిన హానికర క్రిమి ఉంటే ఎర్ర దీపం వెలుగుతుంది. మనిషి చేసినది ఉంటే నీలి దీపం వెలుగుతుంది. ఏదీ లేకపోతే ఏదీ వెలగదు. పెట్టె విషయంలో దాచిపెట్టినది ఇంకేమీ లేదు కనుకనే కేంద్రంలో దాన్ని ఎవరూ పెద్దగా గౌరవించేవారు కాదు.

పై సంస్థ మంజూరు ఉత్తర్వులో చివర ఒక షరతు ఉంది. మార్చి ముగిసేలోగా స్వతంత్రమైన శత్రుపక్షం చేత ఒక నమూనా దాడి జరిపించి, రక్షణను పరీక్షించాలి. లేకపోతే మిగిలిన డబ్బు వెనక్కి పోతుంది. దానితో పాటు తాత్కాలిక ఉద్యోగాలూ పోతాయి. అంటే కెజియా పోతుంది, ఆమె వెనుక ఆ పెట్టె కూడా.

కెజియాకు ఇది కష్టమనిపించలేదు. సంఘం ముందుకు వచ్చి చెప్పింది. "రొట్టెలు పొంగించే ఈస్ట్ ఉంటుంది కదా సర్, దానికి ప్రకృతిలో లేని చిన్న గుర్తు ఒకటి తగిలించాను. తాగినా ఏం కాదు. నా స్నేహితురాలు ఒకామె విశాఖపట్నంలో ఉంది. బస్సెక్కి వచ్చి, నాకు చెప్పకుండా ఏదో ఒక ట్యాంకులో కలిపి వెళ్లిపోతుంది. పెట్టె పట్టుకుంటే పట్టుకున్నట్టు, లేకపోతే లేనట్టు."

"చాలా సరళంగా ఉంది," అన్నారు డైరెక్టరు గారు. ఆయన నోట అది ప్రశంస కాదు.

ధర్మలింగం గారు కళ్లజోడు సవరించుకున్నారు. "ఆవిడకి బస్సు చార్జీ ఇవ్వాలా అమ్మా?"

"ఇవ్వాలి కదండీ."

"ఇస్తే సేవ కొన్నట్టే. సేవ కొంటే మూడు కొటేషన్లు ఉండాలి."

"దాడి చెయ్యడానికి మూడు కొటేషన్లా సర్?"

"రేపు ఆడిట్ వాళ్లొచ్చి, ఇంతకంటే తక్కువకి దాడి చేసేవాళ్లు మీకు దొరకలేదా అని అడుగుతారమ్మా. నేనేం చెప్పాలి?"

ఆ విధంగా, దేశచరిత్రలో మొదటిసారి అని డైరెక్టరు గారు పలుమార్లు గుర్తుచేసిన ఒక టెండరు ప్రకటన తయారైంది: 'శత్రుపక్ష సేవల సరఫరా మరియు దాడి నిర్వహణ, ఒకటి.'

అర్హతలు రాయడానికి ఒక మధ్యాహ్నం పట్టింది. దరఖాస్తుదారుకు ఇటువంటి పనిలో మూడేళ్ల అనుభవం ఉండాలి. సత్ప్రవర్తనను గురించి పోలీసు వారి ధ్రువపత్రం జతచేయాలి. గతంలో ఏ ప్రభుత్వశాఖా బ్లాక్‌లిస్టులో పెట్టినవాడు కాకూడదు.

నేను ఒక సందేహం వెలిబుచ్చాను. జీవాయుధ దాడులలో మూడేళ్ల అనుభవం ఉన్నవాడికి పోలీసులు సత్ప్రవర్తన పత్రం ఇవ్వరు. పత్రం ఉన్నవాడికి ఆ అనుభవం ఉండదు. కనుక మనం పిలుస్తున్న మనిషి తర్కరీత్యా లేడు.

"మేడమ్ గారి విశ్లేషణ మాకెప్పుడూ మార్గదర్శకం," అన్నారు డైరెక్టరు గారు. మరునాడు మినిట్స్‌లో చూసుకుంటే, 'అర్హతల ముసాయిదా పట్ల బయటి సభ్యురాలు హర్షం వ్యక్తం చేశారు' అని ఉంది.

అయితే నా మాట పూర్తిగా వృథా కాలేదు. 'ఇటువంటి పని' అన్నచోట 'లేదా తత్సమానమైన పని' అని చేర్చారు. దాడికి సమానమైన పని ఏదని చాలాసేపు ఆలోచించి, ఒకేచోట ఒకే పూట అయిదువందల మందికి తక్కువ కాకుండా ఏదైనా అందజేసిన అనుభవం అని నిర్వచించారు.

ముగ్గురు వచ్చారు. మొదటివాడు చెదపురుగులకు మందు కొట్టే ఆయన. క్రిములను చంపడమే తన వృత్తి కనుక, వదలాలంటే తన మనసుకు అదనంగా ఖర్చవుతుందని ఎక్కువ రేటు వేశాడు. రెండోది ఒక నాటక సమాజం. ప్రతినాయకుడి వేషానికి కిరీటం, హార్మోనియం విడిగా ఇవ్వాలని కోరింది. మూడోవాడు పెంకే సూరిబాబు, శ్రీ వీరభద్రా టెంట్ హౌస్ యజమాని. చుట్టుపక్కల మండలాలలో షామియానాలు, కుర్చీలు, వంటపాత్రలు, నీళ్ల క్యాన్లు ఆయనవే. టెండరు వేసేముందు సందేహాలు అడిగే సమావేశానికి ఆయన ఒక్కడే శ్రద్ధగా వచ్చాడు.

"దాడంటే ఎంతమందికండి?" అని అడిగాడు.

"కేంద్రం మొత్తానికి," అన్నారు ధర్మలింగం గారు.

"సరుకు మాదాండి, మీదాండి?"

"క్రిమిని శాఖవారే సరఫరా చేస్తారు. సిమెంటు ఇచ్చినట్టే. మీరు కలిపితే చాలు."

"ఆయ్. మరి భోజనాలండి?"

ధర్మలింగం గారు కాగితాలు తిరగేశారు. భోజనాల సంగతి ఎక్కడా లేదు. లేదని చెప్పగానే సూరిబాబు ముఖం చిన్నబోయింది. "భోజనాలు లేకుండా జనం ఎలా నిలబడతారండి," అన్నాడు, పోటీదార్ల మీద కూడా జాలి చూపుతూ.

అయినా ఆయన రేటే అన్నిటికంటె తక్కువ. ఎందుకంత తక్కువ వేశావని అడిగితే దాపరికం లేకుండా చెప్పాడు. "మూఢం కదండి. పెళ్లిళ్లు లేవు. కుర్రోళ్లు ఊరికే కూకుని పేకాడేత్తున్నారు. ఏదో ఒక పని చూపిద్దామని ఏసేనండి."

వర్క్ ఆర్డరు ఇచ్చే సభలో డైరెక్టరు గారు ఆయనకు శాలువా కప్పారు. "ఈ మహత్తర యజ్ఞంలో ప్రతిపక్ష బాధ్యతను స్వీకరించిన శ్రీ సూరిబాబు గారు, పారదర్శకమైన ప్రక్రియ ద్వారా ఎంపికైన శత్రువు. మాకు లభించినవారిలో అత్యంత చవకైన శత్రువు," అన్నారు. కుర్చీలు కూడా సూరిబాబువే కనుక, ఆయన మనుషులు చప్పట్లు గట్టిగా కొట్టారు.

తరువాత వచ్చిన చిక్కు ఎవరూ ఊహించనిది. కొటేషన్లు తెరిచి, పోల్చి, పై సంస్థ ఆమోదం తెచ్చుకునేసరికి మూఢం వెళ్లిపోయి ముహూర్తాలు వచ్చేశాయి. శత్రువుకు తీరిక లేకుండా పోయింది. ధర్మలింగం గారు నోటీసు పంపారు: 'తాము నిర్ణీత గడువులోగా దాడి చేయకపోవుట వల్ల కేంద్రపు భద్రతకు తీవ్ర విఘాతము కలుగుచున్నది. ఈ లేఖ అందిన వెంటనే దాడి ప్రారంభించనిచో, తమపై జరిమానా విధించబడును.' జవాబు రాలేదు. రెండో నోటీసుకు సూరిబాబు స్వయంగా వచ్చాడు, ఒంటి మీద వంటశాల పొగ వాసనతో.

"ఏం చెయ్యమంటారండి. మూఢంలో చెప్పుంటే మూడు దాడులు చేసేద్దుమండి. ఇప్పుడు ఒక్క పూట కూడా ఖాళీ లేదు. పిఠాపురంలో పెళ్లి, సామర్లకోటలో ఓణీలు."

"ప్రభుత్వ కార్యం సూరిబాబు గారూ. తేలిగ్గా తీసుకోకండి."

"పెళ్లి అంతకన్నా తేలిక కాదండి. అక్కడ కుర్చీ తగ్గితే కొట్టేత్తారు."

చివరకు రెండు పెళ్లిళ్ల మధ్య ఒక ఉదయం దొరికింది. అందులో రాహుకాలం, దుర్ముహూర్తం తీసేస్తే తొమ్మిది గంటల ప్రాంతంలో కొంచెం జాగా మిగిలింది. ఆ వేళకు డైరెక్టరు గారు సమ్మతించారు. శత్రువుకు కూడా కలిసిరావాలి కదా అన్నారు.

ఇక ఒప్పందం ప్రకారం పని జరిగే స్థలాన్ని శాఖ కాంట్రాక్టరుకు అప్పగించాలి. ధర్మలింగం గారు ఆవరణలోని ట్యాంకుల నక్షా, గేటు పాసు, వాల్వులన్నిటి తాళాల గుత్తి ఒక పళ్లెంలో పెట్టి సూరిబాబుకు అందజేశారు. పని ముగిసేదాకా శాఖ సిబ్బంది ఏ వాల్వునూ ముట్టుకోరాదని, కాంట్రాక్టరు పనికి ఏ విధమైన ఆటంకమూ కలిగించరాదని షరతుల్లో ఉంది. కాపలావాళ్లకు కూడా అదే చెప్పారు. దాడికి అతిథిగృహం మీది ట్యాంకు ఖరారైంది. దానికి మెట్లున్నాయి, చూసేవాళ్లకు ఎదురుగా పచ్చికబయలు ఉంది.

అన్నీ సిద్ధమయ్యాక, కెజియా తన పెట్టెను ఆ ట్యాంకు దగ్గర బిగించడానికి అనుమతి అడిగింది. ధర్మలింగం గారి ముఖంలో రంగు మారింది.

"అది పట్టేసుకుంటుందా అమ్మా?"

"పట్టుకుంటుంది సర్. నీలి దీపం వెలుగుతుంది. వెంటనే ట్యాంకు కట్టేస్తాం, నీళ్లు ఎవరికీ వెళ్లవు."

"అంటే దాడి మధ్యలో ఆగిపోతుంది."

"ఆపడానికే కదా సర్."

"ఆగిపోతే ఆయన పని పూర్తి చెయ్యనట్టు. పూర్తికాని పనికి బిల్లు పాస్ చెయ్యలేను. బిల్లు పాస్ కాకపోతే డబ్బు ఖర్చయినట్టు ధ్రువపత్రం రాయలేను. అది రాయకపోతే డబ్బు వెనక్కి పోతుంది, నీ ఉద్యోగమూ పోతుంది. నీ మంచికే చెప్తున్నానమ్మా, పట్టుకోకు."

నేను అప్పుడు రెండోసారి నోరు విప్పాను. రక్షణ ఫలిస్తే నిధులు పోతాయి, విఫలమైతే నిధులు దక్కుతాయి; ఈ లెక్కన మనం రక్షణ కొరకు సేకరిస్తున్న ధనం రక్షణ లేకపోవడం మీద ఆధారపడి ఉంది అన్నాను. మినిట్స్‌లో 'నిధుల వినియోగ వ్యూహం పట్ల బయటి సభ్యురాలు మరొకసారి హర్షం వ్యక్తం చేశారు' అని వచ్చింది.

డైరెక్టరు గారు మధ్యేమార్గం కనిపెట్టారు. "దాడి సమయంలో అతిథిగృహపు ట్యాంకు వద్ద పెట్టె పనిచేయరాదు. అతిథి మర్యాదగా భావిద్దాం," అని లిఖితపూర్వకంగా ఉత్తర్వు ఇచ్చారు.

కెజియా ఆ ఉత్తర్వు మడిచి సంచిలో పెట్టుకుని నా వెంట వరండాలోకి వచ్చింది. "పట్టుకుంటే పెట్టె పనికొచ్చినట్టు, కాని నేను ఉండను. పట్టుకోకపోతే నేను ఉంటాను, కాని పెట్టె పనికిరానట్టు. నేనేం కోరుకోవాలి మేడమ్?"

దీన్ని తరగతిలో ఉభయతఃపాశమని చెప్పేదాన్ని. ఉదాహరణ ఎన్నడూ ఇలా ఎదుట నిలబడి జవాబు అడగలేదు. "ఉత్తర్వులో ఏ ట్యాంకు అని ఉంది?" అని మాత్రం అడిగాను.

"అతిథిగృహానిది."

"మిగతావాటి గురించి?"

కెజియా ఉత్తర్వు తీసి మళ్లీ చదివింది. "ఏ పరీక్షకైనా పోల్చుకోవడానికి శుభ్రమైన నీళ్లు కావాలి కదండీ. మన ఆవరణ చివర ఆడపిల్లల హాస్టలుంది కదా, దాని ట్యాంకు దగ్గర పెడతాను. అక్కడ ఏ దీపమూ వెలగకపోతే, పెట్టె ఊరికే అరవదని అయినా కాగితం మీద రాసుకోవచ్చు."

దాడినాటి ఉదయం కేంద్రం కళకళలాడింది. పచ్చికబయలు మీద ముందురోజే సూరిబాబు మనుషులు ఎరుపూ తెలుపూ కలిసిన షామియానా వేశారు. తాళ్లు కట్టడానికి మోకాలెత్తు ఇనుప మేకులు సమ్మెటలతో నేలలోకి దింపారు. టెండరులో షామియానా లేకపోయినా, నలుగురు కూడే చోట నీడ లేకుండా పని చేయడం తమ వంశంలో లేదని సూరిబాబు వాదించాడు. పై సంస్థ వారు ముందు వరుసలో కూర్చున్నారు. పెళ్లి నుంచి తిన్నగా వచ్చేసిన సన్నాయి మేళం వాళ్లు, ఖాళీగా ఎందుకని, వాయిద్యాలు విప్పారు.

పట్టుచొక్కా మీద సభలో కప్పిన శాలువా వేసుకున్న సూరిబాబు శాఖ ఇచ్చిన డబ్బా పట్టుకుని మెట్లెక్కాడు. మూత తీసేముందు కిందికి వంగి, "పాయసంలో పడినా ఏం కాదన్నారు కదండి?" అని కెజియాను మరొకసారి అడిగాడు. ఏమీ కాదని ఆమె తలాడించింది. ఆయన కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకుని, డబ్బా వంపాడు. మేళం జోరందుకుంది. డైరెక్టరు గారు లేచి నిలబడి, అరగంట ప్రసంగించి, "దాడి దిగ్విజయంగా పూర్తయింది," అని ప్రకటించారు. ధర్మలింగం గారు పని పూర్తయిన పత్రం మీద అక్కడికక్కడే సంతకం చేయబోతున్నారు.

కెజియా ప్రసంగం మొదలవగానే హాస్టలు వైపు వెళ్లింది, పెట్టె చూసుకుందామని. తిరిగి పరుగెత్తుకుంటూ వచ్చింది. చెప్పులు ఎక్కడో వదిలేసింది.

"సర్, హాస్టలు ట్యాంకులో దీపం వెలిగింది."

"ఏ దీపం?" అన్నారు ధర్మలింగం గారు, కలం ఎత్తిపట్టుకుని.

"ఎర్రది. రెండుసార్లు నీళ్లు మార్చి చూశాను. కలరా క్రిమి సర్."

"మన పనిలో ఉన్నది నీలి దీపమమ్మా."

"ఇది మనం వేసింది కాదండీ. నిజమైనది."

డైరెక్టరు గారు అతిథుల వైపు ఒక చిరునవ్వు పంపి, ఇటు తిరిగి గొంతు తగ్గించారు. "చూడమ్మా. టెండరు ప్రక్రియలో పాల్గొనని క్రిమిని కేంద్రం ఏ ప్రాతిపదికన గుర్తించగలదు? ఈ రోజు దీనిని గుర్తిస్తే, రేపు ప్రతి క్రిమీ కొటేషను లేకుండా ప్రవేశిస్తుంది."

"హాస్టల్లో టిఫిన్ల వేళ సర్. డ్రమ్ముల్లోకి నీళ్లు పట్టబోతున్నారు. ఆపమంటే వార్డెన్ డైరెక్టరు ఉత్తర్వు కావాలంటోంది. ముందు వాల్వు కట్టెయ్యనివ్వండి."

"వాల్వా," అన్నారు ధర్మలింగం గారు, నిజంగా బాధపడుతూ. ఆయన దుర్మార్గుడు కాదు. ఆయన కూతురు కూడా ఎక్కడో హాస్టల్లోనే చదువుతోంది. "స్థలం అప్పగించేశాం కదమ్మా. పని ముగిసేదాకా శాఖవాళ్లు ముట్టుకోకూడదు. ముట్టుకుంటే కాంట్రాక్టరుకు ఆటంకం కలిగించినట్టు. తాళాలు కూడా మన దగ్గర లేవు."

"ఎవరి దగ్గరున్నాయి?"

అందరం మెట్ల వైపు చూశాం. శత్రువు ఖాళీ డబ్బా పట్టుకుని కిందికి దిగుతున్నాడు. తాళాల గుత్తి ఆయన నడుముకు వేలాడుతోంది.

కెజియా ఆయన దగ్గరకు వెళ్లి విషయం చెప్పింది. సూరిబాబు విన్నాడు. గుత్తి తడుముకున్నాడు. తరువాత ధర్మలింగం గారి దగ్గరకు వచ్చి, కోర్టులో నిలబడినవాడిలా చేతులు కట్టుకున్నాడు.

"నాకో సందేహమండి. కాయితం ప్రకారం నేను శత్రువునేనాండి?"

"పని పూర్తయినట్టు నేను సంతకం పెట్టేదాకా మీరు శత్రువే."

"శత్రువు హాస్టలు వాల్వు కట్టేత్తే, అది దేని కిందకొత్తదండి?"

ధర్మలింగం గారు షరతులు తిరగేశారు. వేలు పెట్టి చదివారు. ఆయన ముఖం తేటపడింది. "ఆవరణలో వాల్వులన్నీ మీ అధీనంలో ఉన్నాయి. మీరేం చేసినా దాడిలో భాగమే."

"అయితే దాడి ఇంకా అవ్వలేదండి. మీరు సంతకం పెట్టకండి," అని సూరిబాబు పట్టుపంచె ఎగగట్టి హాస్టలు వైపు పరుగెత్తాడు. కెజియా ముందు, ఆయన వెనక, ఏం జరుగుతోందో తెలియని సన్నాయి మేళం ఆయన వెనక. వాల్వు కట్టేశాడు. డ్రమ్ముల్లో అప్పటికే పట్టిన నీళ్లు పారబోయించాడు. వార్డెన్ అడ్డుపడితే, తాను అధీకృత శత్రువునని శాలువా చూపించాడు. సామర్లకోట ఓణీలకు వెళ్లవలసిన నీళ్ల క్యాన్లు లారీలో ఉంటే, హాస్టలు ముందు దింపించాడు. సామర్లకోటలో ఆ సాయంత్రం ఆయన పడిన మాటలు వేరే కథ.

మధ్యాహ్నానికి కారణం తెలిసింది. షామియానా మేకుల్లో ఒకటి నేలలో రెండు గొట్టాలనూ కుట్టినట్టు గుచ్చుకుపోయింది. ఒకటి ఊరి మురుగు పోయే గొట్టం, రెండోది హాస్టలుకు మంచినీళ్లు వెళ్లే గొట్టం. రెండూ ఒకే కందకంలో ఎందుకున్నాయంటే, వాటిని వేసిన కాంట్రాక్టరు అందరికంటె తక్కువ రేటు వేసినవాడు. రెండు కందకాలు తవ్వితే అతనికి గిట్టదు. కనుక సంగ్రహంగా: రిఫ్రిజిరేటరు వలన మూడు కొటేషన్లు, కొటేషన్ల వలన టెంట్ హౌస్, టెంట్ హౌస్ వలన మేకు, మేకు వలన కలరా. జీవాపాయాన్ని నివారించడానికి ఏర్పడిన కేంద్రం, నియమం ఎక్కడా తప్పకుండా, ఒక జీవాపాయాన్ని స్వయంగా ఉత్పత్తి చేసుకుంది.

తెల్లవారుజామున ముఖం కడుక్కుంటూ ఆ నీళ్లు పుక్కిలించిన ఇద్దరు అమ్మాయిలు ఆస్పత్రిలో ఉండి కోలుకున్నారు. మిగతా హాస్టలుకు ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడాన్ని నివేదికలో ఏ గడిలో రాయాలో కేంద్రంలో ఎవరికీ తెలియలేదు. కనుక రాయలేదు.

రాసినవి ఇవి. దాడి సంపూర్ణంగా విజయవంతమైంది. అధీకృత క్రిమిని పెట్టె గుర్తించలేకపోయింది. అనధీకృత క్రిమి విషయంలో అది అనవసరంగా అలజడి చేసింది. దీనివల్ల మన రక్షణ ఎంత బలహీనంగా ఉన్నదో నిస్సందేహంగా నిరూపితమైనందున, మరింత నిధి అవసరం. పై సంస్థవారు కళ్లారా చూసినవారే గనుక, మరుసటి ఏడాదికి నిధిని రెట్టింపు చేశారు.

కెజియా ఉద్యోగం పొడిగించలేదు. పనిచేయని పరికరాన్ని తయారుచేసిన మనిషికి జీతం ఇస్తే ఆడిట్ ఒప్పుకోదని ధర్మలింగం గారు ఆమెకు బుజ్జగింపుగా చెప్పారు. పెట్టెను విరిగిన కుర్చీలతో, తుప్పుపట్టిన బీరువాతో కలిపి వేలం వేశారు. కుర్చీల కోసం వచ్చిన సూరిబాబు అన్నీ కలిపి పాడుకున్నాడు. ఆ సాయంత్రమే కెజియా ఇంటికి వెళ్లి, గుమ్మంలో నిలబడే అడిగాడట.

"అమ్మాయిగారూ, ఈ పెట్టె నాకు అర్థం కాదండి. మీరు కూడా వచ్చేత్తే బావుంటది. మా నీళ్లు తాగి ఒక్కడు మంచం పట్టినా, ఇంక ఈ జిల్లాలో నన్ను ఎవడూ పెళ్లికి పిలవడండి."

ఆమె వెళ్లింది. ఆ ఏడాది గోదావరి గట్ల వెంట జరిగిన పెళ్లిళ్లలో, వంటశాల పక్కన, తోరణం కట్టిన బల్ల మీద ఆ పెట్టె కూర్చుంది. మగపెళ్లివారు దిగగానే పందిరి చూసేముందు దీపం చూడటం మర్యాదైపోయింది. రెండుచోట్ల ఎర్రగా వెలిగింది. రెండుచోట్లా నీళ్లు మార్చారు. డైరెక్టరు గారి మనవరాలి ఓణీల ఫంక్షన్లో, నేను చూస్తుండగానే, ఆయన గ్లాసు చేతిలోకి తీసుకుని "కెజియా చూసిందా?" అని అడిగి, చూసిందన్నాక తాగారు.

మళ్లీ ఫిబ్రవరి వచ్చింది. రెట్టింపు నిధికి రెట్టింపు షరతులుంటాయి కనుక, ఈసారి దాడితో పాటు రక్షణ కూడా కొనాలన్నారు. 'నీటిలోని క్రిములను గుర్తించు సేవల సరఫరా, ఒకటి.' అర్హత: కనీసం ఆరు నెలల పాటు జనసమూహాల నీటిని వాస్తవంగా పరీక్షించిన అనుభవం. అటువంటి మనిషి ఈ ప్రాంతంలో ఒక్కరే ఉన్నారు. ఒక్క కొటేషనుతో ఏం జరుగుతుందో నాకు తెలుసు కనుక, సమావేశానికి బయలుదేరేటప్పుడు నా మనసు భారంగానే ఉంది.

ధర్మలింగం గారు దాడికీ రక్షణకూ కలిపి వచ్చిన కవర్లు బల్ల మీద పరిచారు. మూడున్నాయి. ఒకటి శ్రీ వీరభద్రా టెంట్ హౌస్, యజమాని పెంకే సూరిబాబు. రెండోది శ్రీ మావుళ్లమ్మ సప్లయర్స్, యజమానురాలు పెంకే మంగతాయారు, భర్త సూరిబాబు. మూడోది ఆయన బావమరిది పేర. మూడూ ఒకే చేతిరాత. మూడు కవర్ల మీదా ఒకే గరిటె నుంచి జారిన సాంబారు మరక. మూడింటిలోనూ సాంకేతిక నిపుణురాలి స్థానంలో ఒకే పేరు: గెడ్డం కెజియా.

ధర్మలింగం గారు ఒక్కొక్క కవరు విప్పి, రేట్లు పట్టికలో ఎక్కించి, వెలుతురులోకి పట్టుకుని సంతకాలు చూశారు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఇన్నేళ్లలో ఆయన ముఖంలో అంత ప్రశాంతత నేను చూడలేదు.

"మూడున్నాయి," అన్నారు. "అన్నీ సక్రమంగా ఉన్నాయి. రక్షణకు మంగతాయారమ్మ గారిది తక్కువ. దాడి పని మాత్రం బావమరిది గారికి వెళ్తుంది. రెండూ ఒకరికే ఇస్తే బాగుండదు."

ఆ విధంగా కెజియా, తన పెట్టెతో, తన పాత గదికే, టెంట్ హౌస్ గుర్తింపు కార్డు మెడలో వేసుకుని తిరిగి వచ్చింది. ఈసారి మార్చితో ముగిసే ఉద్యోగం కాదు. మంగతాయారు గారు సంవత్సరమంతా జీతం ఇస్తున్నారు, మూఢంలో కూడా. అది విని, ఆ సంఘంలో చేరిన తరువాత మొదటిసారిగా, నేను మనస్ఫూర్తిగా హర్షం వ్యక్తం చేశాను.

మరునాడు మినిట్స్ వచ్చాయి. 'బయటి సభ్యురాలు తీవ్ర అభ్యంతరం తెలిపారు. సంఘం దానిని పరిశీలించి తోసిపుచ్చింది.'